మస్తిష్క శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్

మానవదేహంలో మెదడుకున్నంత పటిష్ఠమైన రక్షణ మరే అవయవానికీ లేదు. గుండెకు, ఊపిరితిత్తులకు పక్కటెముకల గూడు ఉన్నా ఆ గూడు శ్వాసతోపాటు కదులుతుంది. ఉదరకుహరానికి సాగే గుణం ఉంది. మెదడు మాత్రం కదలని, సాగని ఎముకల పేటికలో భద్రంగా ఉంటుంది. అయితే ప్రకృతి ప్రసాదించిన ఈ వరమే ఒక్కొక్కప్పుడు శాపంగా పరిణమిస్తుంది. పొయ్యిమీది ఎసరు పొంగితే మూత లేచి ఆవిరికి దారి ఇస్తుంది. కపాలానికి అలా లేచే మూత లేదు. లోపల కణితి పెరిగినా, రక్తం గడ్డకట్టినా, మెదడు వాచినా ఆ ఒత్తిడి అంతటినీ సుకుమారమైన మెదడే భరించాలి. ఆ ఒత్తిడి స్వభావాన్ని తెలుసుకొని, దానిని అదుపుచేసే మార్గాలను వెదకి, మృత్యుముఖంలో ఉన్న వేలాదిమందికి ఆశ కల్పించిన మహావైద్యుడు హార్వీ కుషింగ్.

కపాలంలో మూడు పదార్థాలు ఉంటాయి. మొదటిది సుమారు 1400 గ్రాముల బరువుగల మెదడు. రెండవది రక్తనాళాలలో ప్రవహించే రక్తం. మూడవది మెదడును, వెన్నుపామును తడుపుతూ ఉండే మస్తిష్క మేరుద్రవం. ఇది వయోజనులలో సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. పేటిక పరిమాణం మారదు కనుక వీటిలో ఒకటి పెరిగితే మిగిలినవి తగ్గి చోటివ్వాలి. కొంతవరకు అవి చోటిస్తాయి. ఆ హద్దు దాటిన తరువాత ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. భరించరాని తలనొప్పి, వాంతులు, క్రమంగా చూపు మందగించడం దీని లక్షణాలు. చివరకు మెదడు అడుగుభాగం కపాలమూలంలోని రంధ్రం వైపు నొక్కుకుపోయి, శ్వాసను నడిపే కేంద్రం దెబ్బతిని, ప్రాణం పోతుంది.

తల తెరచి రోగం తొలగించాలన్న కోరిక మానవునికి కొత్తది కాదు. రాజగృహంలో ఒక శ్రేష్ఠి శిరస్సును తెరచి జీవకుడు పురుగులను తీసినట్లు బౌద్ధ వాఙ్మయం చెబుతున్నది. భోజరాజుకు జరిగిన కపాలచికిత్సను గూర్చిన కథను భోజప్రబంధం వినిపిస్తున్నది. కాని కథ వేరు, కార్యం వేరు. 1884లో లండన్ నగరంలో రిక్‌మన్ గాడ్లీ అనే వైద్యుడు మెదడులోని కణితిని తొలగించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు. ఆ రోగి కొద్ది వారాలకే సూక్ష్మజీవుల సంక్రమణ వల్ల మరణించాడు. పందొమ్మిదవ శతాబ్ది చివరినాటికి కూడా మెదడు శస్త్రచికిత్సకు పూనుకున్న వైద్యులు వేళ్లమీద లెక్కింపదగినవారే. ఎముకను తెరవగానే ఒత్తిడికి లోనైన మెదడు ఆ రంధ్రం గుండా ఉబికి బయటకు రావడం, ఆగని రక్తస్రావం, శ్వాస ఆగిపోవడం వారికి నిత్యానుభవాలు. అటువంటి కాలంలో కుషింగ్ ఈ రంగంలో అడుగుపెట్టాడు.

హార్వీ విలియమ్స్ కుషింగ్ 1869 ఏప్రిల్ 8న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ నగరంలో జన్మించాడు. పదిమంది సంతానంలో కడగొట్టువాడు. తండ్రి, తాత, ముత్తాత వైద్యులే. వైద్యవిద్య ఆయనకు వంశపారంపర్యంగా లభించిన సంపద అనవచ్చు. యేల్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, హార్వర్డ్ వైద్య కళాశాలలో చేరి 1895లో పట్టం పుచ్చుకొన్నాడు. విద్యార్థిదశలో బేస్‌బాల్ క్రీడలో ఆసక్తి, చిత్రలేఖనంలో నేర్పు ఆయనకుండేవి. ఆ చిత్రలేఖనం ఉత్తరకాలంలో ఎంతో అక్కరకు వచ్చింది. శస్త్రచికిత్స ముగిసిన వెంటనే తాను చూసినదానిని, చేసినదానిని స్వయంగా బొమ్మలుగా గీసి భద్రపరచడం ఆయనకు అలవాటయింది.

హార్వర్డ్‌లో చదువుతున్నప్పుడే ఆయన జీవితాన్ని మలుపుతిప్పిన సంఘటన జరిగింది. ఆ రోజులలో శస్త్రచికిత్సకు ముందు రోగికి ఈథర్ అనే మత్తుమందు పీల్పించే పనిని విద్యార్థులకే అప్పగించేవారు. అందుకు వారికి ప్రత్యేక శిక్షణ ఉండేది కాదు. ఒకనాడు పేగు బిగుసుకొన్న రోగికి మత్తు ఇవ్వవలసిందిగా కుషింగ్‌ను పిలిచారు. ఆయన తనకు తెలిసినంతలో మందు ఇచ్చాడు. శస్త్రచికిత్స మొదలవుతుండగానే రోగి ప్రాణం విడిచాడు. తన చేతిలో ఒక మనిషి మరణించాడన్న బాధతో ఆ యువకుడు ఆనాటి మధ్యాహ్నమంతా వీధులలో తిరిగాడు. వైద్యవిద్యనే విడిచిపెడతానని సాయంకాలం శస్త్రవైద్యుని ఇంటికి వెళ్లి చెప్పాడు. ఇటువంటివి తరచుగా జరిగేవేనని ఆ పెద్దాయన ఊరడించాడు.

ఆ ఊరడింపు కుషింగ్‌కు చాలలేదు. తరచుగా జరుగుతున్నంత మాత్రాన ఒక మరణం సహజమైనది కాదని ఆయన మనస్సు ఘోషించింది. సహాధ్యాయి ఎర్నెస్ట్ కాడ్‌మన్‌తో కలిసి 1894 ప్రాంతంలో ఒక కొత్త పద్ధతిని ఆరంభించాడు. మత్తులో ఉన్న రోగి నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకొంటున్నదో, శ్వాస ఎన్నిసార్లు ఆడుతున్నదో కొద్ది నిమిషాలకొకసారి గుర్తించి గీతలుగా కాగితం మీద రాయడమే ఆ పద్ధతి. చూడడానికి అది చిన్న కాగితమే. కాని ప్రమాదం ముంచుకు రాకముందే దాని అడుగుల చప్పుడు వినిపించే సాధనం అది. ప్రపంచమంతటా శస్త్రచికిత్సాగారాలలో అనుసరిస్తున్న మత్తుమందు పట్టికకు మూలం ఆ ఇద్దరు విద్యార్థులు గీసిన గీతలే. తప్పును కప్పిపుచ్చుకొనక దానినే గురువుగా స్వీకరించిన ఈ గుణం కుషింగ్ జీవితాంతం వీడలేదు.

1896లో ఆయన బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో విలియం హాల్‌స్టెడ్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుని వద్ద చేరాడు. అంతవరకు శస్త్రవైద్యుని గొప్పతనాన్ని వేగంతో కొలిచేవారు. హాల్‌స్టెడ్ అందుకు భిన్నమైన మార్గం చూపాడు. కణజాలాన్ని మృదువుగా తాకాలి, ప్రతి రక్తబిందువును అదుపుచేయాలి, తొందర కూడదు. నిదానమే ప్రధానమన్న మన పెద్దల మాట ఆ గురువు బోధకు సరిగ్గా సరిపోతుంది. మెదడు వంటి అవయవానికి ఈ నిదానం ఎంత అవసరమో శిష్యుడు త్వరలోనే గ్రహించాడు. అక్కడే విలియం ఆస్లర్ అనే మహావైద్యుని స్నేహం కూడా ఆయనకు లభించింది.

1900లో కుషింగ్ ఐరోపా యాత్రకు బయలుదేరాడు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో థియోడర్ కోకర్ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. తరువాత 1909లో నోబెల్ బహుమతి పొందినవాడు ఈయనే. కపాలంలో ఒత్తిడి పెరిగినప్పుడు మెదడులోని రక్తప్రసారం ఏమవుతుందో పరిశోధించవలసిందిగా కోకర్ ఆయనను ప్రోత్సహించాడు. క్రోనెకర్ అనే శరీరధర్మశాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో కుషింగ్ ఆ పనికి పూనుకొన్నాడు. శునకాల కపాలంలో చిన్న గాజు కిటికీని అమర్చి, ఉప్పునీటితో లోపలి ఒత్తిడిని కొద్దికొద్దిగా పెంచుతూ, మెదడు ఉపరితలంమీది రక్తనాళాలను కన్నులారా చూశాడు.

ఆ గాజు కిటికీలో ఆయనకు కనిపించిన దృశ్యం అద్భుతమైనది. కపాలంలోని ఒత్తిడి రక్తపోటును సమీపించేసరికి రక్తనాళాలు నొక్కుకుపోయి మెదడు పాలిపోయేది. రక్తం అందని మెదడు ఊరకుండేది కాదు. దాని అడుగుభాగంలోని కేంద్రం మేలుకొని దేహమంతటి రక్తపోటును పెంచేది. పెరిగిన ఆ బలంతో రక్తం మళ్లీ మెదడులోకి చొచ్చుకొనివచ్చేది; పాలిపోయిన నాళాలు తిరిగి ఎర్రబడేవి. ఒత్తిడిని మరికొంత పెంచితే రక్తపోటు మరికొంత పెరిగేది. అంటే మరణించబోయే మెదడు తన రక్షణకై తానే పోరాడుతున్నదన్నమాట. ఈ పోరాటానికి కూడా ఒక హద్దు ఉన్నది. అది దాటితే రక్తపోటు కుప్పకూలుతుంది.

పెరిగే రక్తపోటు, మందగించే నాడి, క్రమం తప్పే శ్వాస అనే మూడు లక్షణాలు కలిసి కనబడితే కపాలంలో ఒత్తిడి ప్రాణాంతక స్థాయికి చేరిందని అర్థం. ఈ విషయంలో కొన్ని అంశాలను ఐరోపా శాస్త్రజ్ఞులు అంతకుముందే గమనించి ఉన్నారు. వాటిని క్రమబద్ధమైన ప్రయోగాలతో నిరూపించి, 1901, 1902 సంవత్సరాలలో ప్రకటించి, వైద్యలోకం దృష్టికి తెచ్చిన ఘనత కుషింగ్‌ది. అందుచేతనే ఆ ప్రతిచర్యకు, ఆ లక్షణత్రయానికి ఆయన పేరు స్థిరపడింది.

1901లోనే ఆయన ఇటలీలోని పావియా నగరాన్ని దర్శించాడు. అక్కడి వైద్యశాలలో రోగుల చేతికి గాలితో ఉబ్బే రబ్బరు పట్టీని చుట్టి, పాదరసపు గొట్టంతో రక్తపోటును కొలవడం చూశాడు. అది రివా రోచ్చి అనే ఇటలీ వైద్యుడు 1896లో రూపొందించిన సాధనం. కుషింగ్ దాని బొమ్మ గీసుకొని, ఒక నమూనాను కూడా సంపాదించి బాల్టిమోర్‌కు తెచ్చాడు. మెదడు ఇచ్చే హెచ్చరిక రక్తపోటు రూపంలో వెలువడుతుందని బెర్న్ ప్రయోగాలు తెలిపాయి. ఆ హెచ్చరికను రోగికి బాధ లేకుండా వినగలిగే చెవి ఈ పట్టీ రూపంలో లభించింది. నాడి, శ్వాసల గీతలకు తోడు రక్తపోటు గీత కూడా ఆయన పట్టికలో చేరింది. వేలితో నాడి పట్టి చూడగల వైద్యునికి ఈ యంత్రమెందుకని ఆ కాలపు పెద్దలు కొందరు ఆక్షేపించారు. కాలం కుషింగ్ పక్షాన నిలిచింది.

స్వదేశానికి తిరిగివచ్చిన కుషింగ్ నాడీమండల శస్త్రచికిత్సను ప్రత్యేక శాఖగా స్వీకరించాడు. ఇతర శస్త్రచికిత్సల నడుమ అప్పుడప్పుడు చేసే పనిగా కాక, జీవితమంతా ధారపోయదగిన విద్యగా దానిని భావించి, 1905లో ఆ విషయమై వ్యాసం ప్రకటించాడు. కణితి ఎక్కడున్నదో తెలియని రోగులను, తెలిసినా తొలగింపరాని స్థితిలోని రోగులను ఏంచేయాలన్నది ఆయనను వేధించిన ప్రశ్న. కణత కండరం కింది ఎముకలో కొంతభాగాన్ని తొలగించి, మెదడును కప్పిన దళసరి పొరను తెరచి, ఆపైన కండరాన్ని యథాస్థానంలో కుట్టివేసే పద్ధతిని ఆయన ప్రచారంలోకి తెచ్చాడు. మూతలేని పాత్రకు చిన్న దారి ఏర్పరచడం వంటిదే ఇది. కండరం ఆనకట్టలా నిలిచి మెదడు బయటకు పొంగకుండా కాపాడేది. వ్యాధి పోకపోయినా తలనొప్పి తగ్గేది. అంధత్వం నుండి అనేకులు బయటపడేవారు.

శస్త్రచికిత్స జరుగుతున్నంతసేపూ ఒత్తిడిని అదుపులో ఉంచడానికి ఆయన అనేక జాగ్రత్తలు పాటించేవాడు. మెదడు ఉబుకుతుంటే దాని లోపలి గదులలోకి సన్నని సూది పంపి ద్రవాన్ని మెల్లగా బయటకు తీసేవాడు. పూర్తి మత్తు ప్రమాదమనిపించినచోట చర్మానికి మాత్రమే తిమ్మిరి మందు ఇచ్చేవాడు. మెదడులోని సన్నని నాళాలను దారంతో ముడివేయడం కష్టం. అందుకై 1911లో చిన్న వెండి క్లిప్పులను ప్రవేశపెట్టాడు. రక్తస్రావం మితిమీరితే పట్టుదలకు పోక గాయాన్ని మూసి, కొద్దిరోజుల తరువాత మళ్లీ తెరచేవాడు. ఎప్పుడు ఆగాలో తెలియడం కూడా విద్యలో భాగమేనని ఆయన ఆచరణలో చూపాడు.

1910లో అమెరికా సైన్యాధికారి లెనార్డ్ వుడ్ మెదడు పొరలలో పెరిగిన కణితిని కుషింగ్ విజయవంతంగా తొలగించాడు. వుడ్ కోలుకొని అదే సంవత్సరం సైన్యాధిపతి పదవిని అలంకరించాడు. ఈ విజయం వల్ల మెదడు శస్త్రచికిత్సమీద ప్రజలకు నమ్మకం ఏర్పడింది. అయితే కణితి తిరిగి పెరిగింది. 1927లో కుషింగ్ మళ్లీ శస్త్రచికిత్స చేసినప్పుడు రక్తస్రావం వల్ల వుడ్ మరణించాడు. తన పేరును లోకానికి చాటిన రోగియే తన చేతిలో కన్నుమూయడం కుషింగ్‌ను ఎంతగానో కుంగదీసింది.

1912లో ఆయన బోస్టన్ నగరానికి వెళ్లి హార్వర్డ్‌లో ఆచార్యుడుగా, పీటర్ బెంట్ బ్రిగమ్ వైద్యశాలలో ప్రధాన శస్త్రవైద్యుడుగా బాధ్యతలు స్వీకరించాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్, బెల్జియం రణరంగాల సమీపంలో సేవచేశాడు. తలలో తూటాలు, ఎముక ముక్కలు గుచ్చుకొన్న సైనికులకు గంటల తరబడి శ్రమించి చికిత్స చేశాడు. 1917లో మూడు నెలల కాలంలో తన చేతిమీద జరిగిన చికిత్సలలో మరణాల శాతాన్ని 54 నుండి 29 దరిదాపులకు తగ్గించగలిగాడు. అదే సంవత్సరం ఆగస్టులో మిత్రుడు ఆస్లర్ ఏకైక పుత్రుడు గాయపడి వచ్చినప్పుడు ఆయన పక్కనే ఉన్నాడు. ఆ యువకుని ప్రాణం మాత్రం దక్కలేదు. 1918లో కుషింగ్ స్వయంగా తీవ్రవ్యాధికి గురై, కాళ్లు చేతులు స్వాధీనం తప్పి, మెల్లగా కోలుకొన్నాడు.

1919లో లూయిస్ వీడ్, మెకిబెన్ అనే శాస్త్రజ్ఞులు గాఢమైన ఉప్పు ద్రావణాన్ని రక్తనాళంలోకి ఎక్కిస్తే మెదడు కుంచించుకొంటుందని ప్రయోగపూర్వకంగా నిరూపించారు. మెదడులోని నీటిని రక్తం తనలోకి లాగుకొనడమే ఇందుకు కారణం. మరుసటి సంవత్సరమే కుషింగ్ తన సహచరుడు ఫోలీతో కలిసి, ఉప్పు ద్రావణాలను ఆహారనాళం ద్వారా ఇచ్చినా కపాలంలోని ఒత్తిడిలో మార్పు వస్తుందని పరిశీలించి చూపాడు. ఎముక తొలగించకుండానే ఒత్తిడిని తగ్గించే ఔషధమార్గానికి ఇది నాంది. 1926 అక్టోబర్ 1న, రక్తస్రావం మూలంగా కొద్దిరోజుల ముందు మధ్యలో విరమించిన ఒక శస్త్రచికిత్సను, విలియం బోవీ అనే శాస్త్రజ్ఞుడు నిర్మించిన విద్యుత్ పరికరం సహాయంతో కుషింగ్ పూర్తిచేశాడు. విద్యుత్తుతో రక్తనాళాలను మూసే ఆ పద్ధతి వల్ల అంతవరకు అసాధ్యమని వదలివేసిన కణితులు కూడా సాధ్యాలైనాయి.

ఆ 1926 జూన్‌లోనే ఆయన పెద్దకుమారుడు విలియం కారు ప్రమాదంలో మరణించాడు. ఆ దుర్వార్త విన్న ఉదయం కూడా కుషింగ్ ముందుగా నిర్ణయించిన శస్త్రచికిత్సను పూర్తిచేసినట్లు ఆయన జీవితచరిత్రకారులు తెలిపారు. దీనిని కర్తవ్యనిష్ఠ అందామా, కఠినత్వం అందామా? రెండు గుణాలూ ఆయనలో ఉన్నాయి. సహాయకులమీద ఆయన ఆగ్రహం ప్రసిద్ధమైనది. చిన్న పొరపాటునైనా సహించేవాడు కాదు. ఇంటికంటె వైద్యశాలలోనే ఎక్కువ కాలం గడిపాడు. ఇతరుల కపాలాలలోని ఒత్తిడిని తగ్గించిన ఆ మహనీయుడు తన మనస్సులోని ఒత్తిడిని మాత్రం ఎన్నడూ దించుకొనలేదేమో! అయినా రోగి పట్ల ఆయన శ్రద్ధ అపారం. గాయాలకు కట్లు తానే కట్టేవాడు. ఇంటికి వెళ్లిన రోగులకు ఉత్తరాలు రాసి యోగక్షేమాలు విచారించేవాడు.

తన విజయాలతోపాటు వైఫల్యాలను కూడా లెక్కగట్టి లోకానికి వెల్లడించడం కుషింగ్‌లోని మహద్గుణం. ఆయన సహచరి లూయిజ్ ఐజన్‌హార్ట్ ప్రతి కణితిని పరీక్షించి, ప్రతి రోగి ఫలితాన్ని నమోదు చేసేది. 1931 ఏప్రిల్‌లో ఆయన రెండువేలవ మెదడు కణితి శస్త్రచికిత్స చేశాడు. ఆయన ఈ రంగంలోకి వచ్చిన నాడు మెదడు కణితికి శస్త్రచికిత్స అంటే మృత్యువుతో జూదమే. ఆయన విరమించే నాటికి తన చికిత్సలలో మరణాలు నూటికి పది దరిదాపులకు దిగాయి.

పీయూష గ్రంథి వ్యాధులపై 1912లో ఆయన రచించిన గ్రంథం సుప్రసిద్ధం. 1932లో ఆయన వివరించిన ఆ గ్రంథి వ్యాధి ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. ఆస్లర్ జీవితాన్ని రెండు సంపుటాలుగా రచించి 1926లో పులిట్జర్ బహుమతి పొందాడు. 1932లో హార్వర్డ్ నుండి విరమించి, మరుసటి సంవత్సరం యేల్‌కు ఆచార్యుడుగా వెళ్లాడు. 1939 అక్టోబర్ 7న తన 70వ ఏట గుండెపోటుతో కన్నుమూశాడు. మరణానంతర పరీక్షలో ఆయన మెదడు లోపలి గదిలో ఒక సెంటీమీటరు పరిమాణం గల బుడిపె కనిపించింది. ద్రవప్రవాహాన్ని అడ్డగించి కపాలంలో ఒత్తిడి పెంచగల జాతికి చెందిన బుడిపె అది. జీవితమంతా ఏ శత్రువుతో పోరాడాడో ఆ శత్రువు ఆయన తలలోనే మౌనంగా ఒదిగి ఉన్నదన్నమాట.

నేడు శస్త్రచికిత్స వేళ రోగి తలను కొంచెం ఎత్తుగా ఉంచుతారు. శ్వాసయంత్రంతో రక్తంలోని కార్బన్ డయాక్సైడును తగిన పాళ్లలో నిలుపుతారు. మానిటాల్ లేదా గాఢమైన ఉప్పు ద్రావణం ఎక్కిస్తారు. అవసరమైతే మెదడు గదులలోని ద్రవాన్ని సన్నని గొట్టం ద్వారా తీస్తూ ఒత్తిడిని అంకెలలో గమనిస్తారు. ఈ సాధనాలన్నీ కుషింగ్ సృష్టించినవి కావు. కాని కొలవనిదే అదుపు లేదన్న దృష్టిని ఈ శాఖకు అలవరచినవారిలో ఆయన అగ్రగణ్యుడు. ఆయన వద్ద శిక్షణ పొందిన వైల్డర్ పెన్‌ఫీల్డ్ కెనడాలోని మాంట్రియల్‌లో గొప్ప నాడీవైద్య సంస్థను స్థాపించాడు. పెన్‌ఫీల్డ్ వద్ద విద్యనభ్యసించిన జేకబ్ చాందీ 1949లో వెల్లూరులో మనదేశపు నాడీ శస్త్రచికిత్సకు పునాది వేశాడు. ఆ విధంగా కుషింగ్ వెలిగించిన దీపం మన గడపకూ చేరింది.

ఒక రోగి మరణంతో హృదయం కలతచెందిన యువకుడు ఆనాడు వైద్యవిద్యను విడిచివెళ్లి ఉంటే ఎవరూ ఆయనను తప్పుపట్టి ఉండేవారు కాదు. ఆ మరణాన్ని మరచిపోయి ఉన్నా ఎవరూ ప్రశ్నించి ఉండేవారు కాదు. ఆయన విడిచివెళ్లలేదు, మరచిపోనూ లేదు. ఒక కాగితం తీసుకొని, నాడి ఎన్నిసార్లు కొట్టుకొన్నదో రాయసాగాడు. ఆయన సాధించిన ఘనకార్యాలన్నింటికీ తొలి అడుగు ఆ చిన్న గీతయే.